పదకొండు స్లైడ్ల లేబుళ్లు

నిన్న రాత్రి కూర్చుని పురుగుల పాత మైక్రోస్కోప్ స్లైడ్లు పదకొండింటికి లేబుళ్లు మార్చాను. అన్నిటి మీదా ‘క్యూలికాయిడిస్ అబ్సొలీటస్’ అని నా చేతిరాతే. అవన్నీ దాన్ని పోలిన మరో జాతి, స్కాటికస్ అని డీఎన్ఏ పరీక్షలో తేలింది.

క్యూలికాయిడిస్ అంటే రక్తం తాగే చిన్న ఈగలు. దోమకంటే బాగా చిన్నవి, పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. 1,300కి పైగా జాతులున్నాయి, కుట్టేవి ఆడవే. గొర్రెలకూ పశువులకూ నీలి నాలుక అనే వైరస్ వ్యాధిని అంటించేవి వీటిలో కొన్నే. అందుకే పేరు దగ్గర నాకింత పట్టింపు.

ముందుగా చూసేది రెక్కనే. బూడిద రంగు మీద తెల్లమచ్చలు ఎక్కడున్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి చాలా జాతులు తెలిసిపోతాయి. కానీ అబ్సొలీటస్, స్కాటికస్ ఆడవాటి మచ్చలు వెలిసిపోయినట్టుంటాయి, రెండిటికీ ఒకేలా. కీటక శాస్త్రవేత్త మైగెన్ 1818లో అబ్సొలీటస్‌కి పేరు పెడితే, స్కాటికస్‌ని వేరే జాతిగా వర్ణించింది 1952లో, డౌన్స్, కెటిల్. మధ్యలో 134 ఏళ్లు!

రెక్క చాలనప్పుడు పురుగును విడదీయాలి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే ఒళ్లు పారదర్శకమవుతుంది. అప్పుడు తల, రెక్క, పొట్ట విడివిడిగా కెనడా బాల్సం అనే పారదర్శకమైన జిగురులో పెట్టి, మీసాల మీది గుంటలు, పొట్టలో వీర్యం దాచుకునే సంచులు చూస్తాం. ఆ సంచుల్ని ఎంత ఓపిగ్గా కొలిచినా ఈ రెండిటి కొలతలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొస్తాయి. మగవాటి జననాంగాలు చూస్తే తేడా స్పష్టం. కానీ లైట్ ట్రాప్‌లో పడేవి ఎక్కువగా ఆడవే.

అదృష్టం కొద్దీ ఆ పదకొండిటి కాళ్లు విడిగా ఆల్కహాల్‌లో దాచాను. జాతుల్ని గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువులో 658 డీఎన్ఏ అక్షరాల ముక్క చదివిస్తే సంగతి బయటపడింది.

2006లో ఉత్తర ఐరోపాలో నీలి నాలుక వ్యాధి పాకినప్పుడు, అప్పటిదాకా ప్రధాన వాహకంగా పేరున్న ఇమికోలా అనే మరో క్యూలికాయిడిస్ జాతి అక్కడ లేనే లేదు. అనుమానం పోయింది ఈ అబ్సొలీటస్ గుంపు మీదికే. ఇప్పుడు రెండు జాతుల్నీ ఒకే పేరు కింద లెక్కేస్తే, వైరస్ దేనిలో ఎంత పెరుగుతుందో ఎలా తెలుస్తుంది? అందుకే నాకు టెన్షన్.

పెట్టెలో ఇంకో నలభై ఉన్నాయి. అప్పట్లో వాటి కాళ్లు దాచలేదు. వాటి మీద ‘అబ్సొలీటస్/స్కాటికస్, ఆడ’ అని రాస్తున్నాను. సగమయ్యాయి.