వేట ఆగినా వడ్డీ ఆగదు

అమెరికా షేర్లు కుప్పకూలిన రోజున న్యూయార్క్‌లో క్రెడిట్ ఫండ్లు చూసేవాళ్లకి విశాఖలోని ఇంటి నుంచి తప్పకుండా ఫోనొస్తుంది: "ఏరా, మీ ఫండెంత పడిందిరా?" "ఏం పడలేదమ్మా" అన్నది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ప్రైవేట్ క్రెడిట్ అప్పులు, అంటే బ్యాంకులు కాకుండా ఫండ్లే నేరుగా కంపెనీలకి ఇచ్చేవి, ఎక్స్ఛేంజీలో చేతులు మారవు. ఎక్కువ ఫండ్లు వాటి విలువ మూడు నెలలకోసారి కడతాయి. ఈలోగా కరిగేది అప్పు తీసుకున్న కంపెనీ చేతిలో నగదు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి అప్పులిచ్చేవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

లెక్కేసి చూడండి. కంపెనీ ఎబిట్డా (వడ్డీ, పన్నులు, తరుగుదల తీయకముందు లాభం) ఏడాదికి 2 కోట్ల డాలర్లు, అప్పు 10 కోట్లు. వడ్డీ సోఫర్‌కి (డాలర్లలో ఒక్క రాత్రి అప్పుల వడ్డీ రేటు) అదనంగా 6 శాతం. సోఫర్ ఎంత తగ్గినా 1 శాతం కింద లెక్కగట్టరు. 2022 మొదట్లో మొత్తం 7 శాతం, అంటే 70 లక్షలు. 2023 జూలైకి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ రేటు 5.25–5.50 శాతం అయింది, సోఫర్ 5.3 దగ్గరకొచ్చింది. వడ్డీ 1.13 కోట్లు. ఇప్పుడు ఎబిట్డా 15 శాతం తగ్గిందనుకోండి: 1.70 కోట్లలో వడ్డీ పోను 57 లక్షలు. యంత్రాలకి 40, పన్నులకి 15 పోతే మిగిలేది 2 లక్షలు. అసలులో 1 శాతం వాయిదా 10 లక్షలు. ఎక్కణ్ణుంచి తెస్తారు?

హార్బర్‌లో వేలం దగ్గర నిలబడితే ఎంత చేప పడిందో కనిపిస్తుంది. ఇక్కడ కాగితాలే దిక్కు. మూడు నెలల లెక్కలు వచ్చేసరికి త్రైమాసికం ముగిసి నెలన్నర దాటుతుంది, అప్పటికి ఆలస్యమే. అందుకే 13 వారాల నగదు అంచనా అడిగి, ప్రతి వారం బ్యాంకు నిల్వతో సరిచూడాలి. సరుకిచ్చినవాళ్లకి 45 రోజుల్లో చెల్లించే కంపెనీ 70 రోజులకి జరిగితే, అదే ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక.

అప్పు ఒప్పందంలోని షరతులు సడలించమని కంపెనీ మొదటిసారి వచ్చినప్పుడే గట్టిగా మాట్లాడాలి. యజమాని కొత్తగా డబ్బు పెట్టాలి, డివిడెండ్లు ఆగాలి. వడ్డీని అసల్లో కలపమంటే (దీన్నే పిక్ అంటారు) 12 శాతం చొప్పున మూడేళ్లలో 100 కాస్తా 140 దాటుతుంది. కాగితం మీద ఆదాయం ముచ్చటగానే ఉంటుంది, చేతికి పైసా రాదు.

ఫండ్ సొంత నగదూ చూసుకోవాలి. 2020 మార్చిలో చాలా కంపెనీలు అప్పటిదాకా వాడని రివాల్వర్ పరిమితుల్ని (కావాల్సినప్పుడు తీసుకునే అప్పు హద్దు) ఒక్కసారిగా లాగేశాయి. ఇస్తామన్న ఇన్వెస్టర్ల నుంచి ఫండ్ పిలిచిన డబ్బు రావడానికి మామూలుగా 10 పనిదినాలు పడుతుంది. ఈలోపు ఫండ్‌కి బ్యాంకు ఇచ్చే అప్పు లైనే ఆధారం. అప్పుల విలువ తగ్గించి రాస్తే ఆ లైనూ కుంచించుకుపోవచ్చు. అందుకే కంపెనీలకి ఇస్తామని మాటిచ్చి ఇంకా ఇవ్వని సొమ్మంతా రేపే అడిగితే ఎక్కణ్ణుంచి తేవాలో ఒక షీటులో రాసుకుని, ప్రతి సోమవారం దిద్దుకోవాలి.