ఉసిరి చెట్టు లేని వనభోజనం

మా అమ్మ మే నెలలో షికాగో వచ్చింది. వచ్చిన వారానికే "వచ్చే శనివారం సిటీ చూపిస్తానమ్మా" అన్నాను. ఆ వచ్చే శనివారం నవంబరులో వచ్చింది.

మధ్యలో ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. ఒక వారం ఆఫీసు పని, ఒక వారం బాబుకి జ్వరం, ఒక వారం ఎండ ఎక్కువని, ఇంకో వారం వాన అని. మేముండే నేపర్‌విల్ నుంచి సిటీకి రైల్లో గంట ప్రయాణం. ఆ గంట కోసం ఆరు నెలలు ఆగాం. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి చెట్టు పచ్చగా ఉండడం, ఎర్రబడడం, చివరికి మోడవడం మొత్తం చూసింది. అడిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

గురువారం రాత్రి ఫోన్‌లో వాతావరణం చూస్తుంటే శనివారం దగ్గర 70 అని కనిపించింది. ఫారెన్‌హీట్ లెక్క, మన లెక్కలో 21. ఆదివారం నుంచి అంకెలు మెట్లు దిగినట్టు దిగిపోతున్నాయి. ఇలాంటి రోజుల్ని ఇక్కడి పాతకాలం వాళ్లు 'ఇండియన్ సమ్మర్' అనేవారు. మన ఇండియాతో సంబంధం లేదు, ఇక్కడి మూలవాసుల్ని అలా పిలిచిన రోజుల నాటి మాట. అయినా 21 డిగ్రీలంటే మా రాజమండ్రిలో సంక్రాంతి పొద్దున వాతావరణం, మంకీ క్యాప్ పెట్టుకునే రోజు. ఇక్కడ ఆ 21కే జనం నిక్కర్లు వేసుకుని రోడ్ల మీదికొస్తారు. ఆరు నెలల్లో అమ్మ కూడా కొంచెం ఇక్కడి మనిషే అయింది. "21 అయితే స్వెట్టరు ఎందుకే, శాలువా చాలు" అంది.

మంగళవారం ఆవిడ ఫ్లైటు. కాబట్టి ఇదే చివరి శనివారం.

ప్లాన్ నాది కాదు, అమ్మదే. "కార్తీకమాసం కదా, ఎలాగూ బయటికి వెళ్తున్నాం, వనభోజనం చేద్దాం" అంది. ఇక్కడ మనవాళ్లు వనభోజనాలు చాలామంది జూన్, జులైల్లోనే పెట్టేసుకుంటారు. పేరు వనభోజనమే, నెల మాత్రం జ్యేష్ఠమో ఆషాఢమో. నిజం కార్తీకంలో చెట్టు కింద కూర్చుని తినే అదృష్టం ఈ ఊళ్లో ఏ ఏడాదికో గానీ రాదు. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచేసరికి పులిహోర వాసన. దద్దోజనం, పూర్ణాలు, ఉల్లిపాయ లేని వంకాయ కూర. ఫ్రీజర్‌లోంచి తీసిన ఉసిరికాయల ప్యాకెట్ ఒకటి గిన్నెలో నీళ్లలో కరుగుతోంది.

"అవెందుకమ్మా?"

"చెట్టు ఎలాగూ లేదు. కాయైనా ఉండొద్దూ?"

రైలు రెండంతస్తులది. బాబు పైకి ఎక్కేశాడు, అమ్మ మోకాళ్ల వల్ల కిందే. మావారు సంచీలు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. "అల్లుడుగారూ, ఆ పులిహోర డబ్బా నిలువుగా ఉంచండి, నూనె కారుతుంది" అని అమ్మ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి ఆయన డబ్బాను ఒళ్లోకి తీసుకున్నారు.

యూనియన్ స్టేషన్‌లో దిగి బయటికి రాగానే నది. వంతెన దాటి ఆడమ్స్ స్ట్రీట్‌లో నేరుగా నడిస్తే మిషిగన్ అవెన్యూ. ఇంతలో గంటలు మోగాయి, గేట్లు పడ్డాయి, మా కళ్ల ముందే రోడ్డు మధ్యకి విడిపోయి పైకి లేచింది.

ఇది నేను ప్లాన్ చేసిందని అమ్మ ఇప్పటికీ నమ్ముతోంది. నేను ఎనిమిదేళ్లుగా ఇక్కడున్నా అది చూడడం మొదటిసారి. వేసవంతా సరస్సులో తిరిగిన తెరచాప పడవల్ని చలికాలం వచ్చే ముందు నది వెంట పడవల యార్డులకు తీసుకెళ్తారు. స్తంభాలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఒక్కో వంతెనా వరసగా లేచి దారిస్తుంది. వసంతంలో మళ్లీ ఇదే ఊరేగింపు సరస్సు వైపుకి. మా ముందు పదో పన్నెండో పడవలు మెల్లగా వెళ్లాయి. ఒక పడవలో ముసలాయన కుర్చీలో కాళ్లు బారచాపుకుని కాఫీ తాగుతున్నాడు. అమ్మ చెయ్యి ఊపింది. ఆయన కప్పు ఎత్తాడు.

"ఈ నది ఎటు పోతుందే?" అని అడిగింది అమ్మ. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషికి ఏ నది చూసినా ముందు వచ్చే ప్రశ్న అదే. చెప్పాను: ఒకప్పుడు సరస్సులోకి పోయేది, ఊరి మురికంతా అందులోనే. ఊరు తాగే నీళ్లూ ఆ సరస్సువే. అందుకని కాలవ తవ్వి 1900లో నది నడకనే వెనక్కి తిప్పేశారు. అమ్మ కాసేపు నీళ్లకేసి చూసింది.

"1900 అంటే మన హేవలాక్ బ్రిడ్జి కట్టిన ఏడాదే."

నిజమే. రాజమండ్రి పాత రైలు వంతెన మొదలైంది 1900లోనే, రైళ్లు ఆగింది 1997లో. ఆ వంతెన మీద రైలు చప్పుడు వింటూ పెరిగిన ఆవిడకి ఆ సంవత్సరం ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. "మనవాళ్లు నది మీద నుంచి పోయారు, వీళ్లు నదినే తిప్పారు" అంది. మెచ్చుకోలో, తప్పుపట్టడమో నాకు అర్థం కాలేదు.

వంతెన కిందికి దిగాక అవతల ఎదురుగా 110 అంతస్తుల విల్లిస్ టవర్. తల ఎత్తితే శాలువా జారిపోయింది. దాని నిర్మాణం లెక్కలు వేసిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడని మావారు చెప్పారు. ఆయన సివిల్ ఇంజనీరు, ఇలాంటివి వదలరు. సన్నటి గొట్టాలన్నీ కట్టగా కట్టినట్టు కడితే గాలికి ఎక్కువ ఊగదని వివరిస్తుంటే, "అగ్గిపెట్టెలు పేర్చి తాడు కట్టినట్టా అండీ?" అంది అమ్మ. ఆయన ఒక్క క్షణం ఆగి "దాదాపు అంతేనండి" అన్నారు.

ఆడమ్స్ స్ట్రీట్ చివర ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, మెట్లకు అటూ ఇటూ పచ్చబారిన కంచు సింహాలు. వివేకానందుడు 1893 సెప్టెంబరు 11న మాట్లాడింది ఈ భవనంలోనే. ఆయన పేరుతో రోడ్డు మీద గోధుమరంగు బోర్డు కూడా ఉంది. అమ్మకి బోర్డు కింద ఫోటో, సింహం పక్కన ఫోటో, మెట్ల మీద ఫోటో. లోపలికి వెళ్దామంటే "ఎండ పోతుందే, లోపల ఏ రోజైనా ఉంటాయి బొమ్మలు" అంది. మంగళవారం వెళ్లిపోయే మనిషి ఆ మాట అంటే ఏం చెప్పాలి? 151 నంబరు బస్సెక్కాం.

లింకన్ పార్కుకి షికాగోలో సగం మంది వచ్చేసినట్టున్నారు. పిల్లలు, కుక్కలు, గడ్డి మీద చొక్కాలు విప్పి పడుకున్న కుర్రాళ్లు. రేపటి నుంచి ఎవరూ ఎవరికీ కనపడరని అందరికీ తెలుసు కాబట్టి కాబోలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా నవ్వుతున్నారు. "బ్యూటిఫుల్ డే" అని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చివరికి అమ్మ కూడా ఎదురొచ్చినవాళ్లకి "బ్యూటిఫుల్, బ్యూటిఫుల్" అనడం మొదలుపెట్టింది.

సౌత్ పాండ్ అనే చెరువు దగ్గర ఒక ఓక్ చెట్టు దొరికింది. సగం ఆకులు పైన, సగం కింద, రాగి రంగులో. అమ్మ దుప్పటి పరిపించి, చెట్టు మొదట్లో ఒక చిటికెడు పసుపు, కుంకుమ వేసి, కరిగిన ఉసిరికాయ ఒకటి పెట్టి దండం పెట్టుకుంది. "ఈ పూటకి నువ్వే ఉసిరివి" అని చెట్టుతో అంది, మాతో కాదు. మేం పళ్లేలు సర్దుతుండగా ఒక ఉడుత వచ్చింది. ఇక్కడి ఉడుతలు పిల్లి కూనంత ఉంటాయి, వీపున గీతలుండవు. "రాముడు ఇటు రాలేదులే" అంది అమ్మ. అది ఉసిరికాయ రెండు చేతుల్తో పట్టుకుని, ఒక కొరుకు కొరికి, అక్కడే పడేసి, మా వైపు చూసిన చూపు ఉంది చూడండి! బాబు నవ్వి నవ్వి దుప్పటి మీద దొర్లాడు.

పులిహోర చల్లారితేనే బాగుంటుందని చాలామందికి తెలియదు. ఆరేడు గంటలు చింతపండు పట్టిన అన్నం, నోట్లో మెత్తబడిన వేరుశెనగ గుళ్లు, మధ్యలో ఎండుమిర్చి. పేపరు ప్లేట్లు బరువుకి వంగిపోతుంటే కింద చెయ్యి పెట్టుకుని తిన్నాం. రెండోసారి వడ్డించేటప్పుడు ఓక్ కాయొకటి టప్‌మని దద్దోజనంలో పడింది. చెరువు అవతల ఆకాశహర్మ్యాలన్నీ నీళ్లలో తలకిందులుగా.

తిన్నాక నడుస్తూ పార్కు దక్షిణం వైపుకి వచ్చాం. అక్కడ ఇనప కంచెలో రాతి గది ఒకటి ఉంది, 1858 నాటి కౌచ్ కుటుంబం సమాధి. బోర్డు చదివాక గానీ నాకు తట్టలేదు: ఈ పార్కు దక్షిణ భాగమంతా ఒకప్పుడు ఊరి శ్మశానం. తర్వాత సమాధుల్ని వేరే చోట్లకి మార్చారు, ఇదొక్కటే కళ్లకి కనపడేలా మిగిలింది. మార్చకుండా నేల కిందే ఉండిపోయినవాళ్లు వేలల్లోనే అంటారు.

చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. బాబు చెప్పేశాడు. "అమ్మమ్మా, మనం సెమెటరీలో లంచ్ చేశాం!"

అమ్మ ఆగింది. నాకు టెన్షన్. ఇంటికెళ్లగానే అందరికీ తలస్నానాలే అనుకున్నా. ఆవిడ రాతి గదికేసి చూసి, కొంగు సర్దుకుని, "కార్తీకం ఎవరి నెల? శివుడిది. ఆయన ఉండేది ఎక్కడ? ఇంకేం మరి" అని ముందుకి నడిచింది. మావారు నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశారు.

గడియారాలు గంట వెనక్కి తిప్పేశారు కాబట్టి నాలుగున్నరకే పొద్దు వాలుతోంది. రోడ్డు మీది కాలిబాట వంతెన దాటి నార్త్ అవెన్యూ బీచ్‌కి చేరాం. మిషిగన్ సరస్సు పొడవు 490 కిలోమీటర్ల పైమాటే. అవతలి గట్టు కనపడదు. అమ్మ వేలు ముంచి నాలికకి రాసుకుని "ఉప్పు లేదు!" అంది, ఎవరో మోసం చేసినట్టు. మేజోళ్లు విప్పి, చీర కాస్త ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఎండ ఎంత ఉన్నా ఆ నీళ్లు ఐసే. కార్తీక స్నానానికి బదులు దోసిట్లో తీసుకుని నెత్తిన చల్లుకుంది. ఇక్కడి గుళ్లలో చాలామంది అర్చకులు సంకల్పంలో జంబూద్వీపే అనకుండా క్రౌంచద్వీపే అంటారు. అమ్మ గుళ్లో విని నేర్చుకుంది కాబోలు, అలాగే చెప్పింది. స్నాన మంత్రంలో గోదావరి పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు కొంచెం పెరిగింది.

ఇక దీపం. ఉసిరికాయ ఫ్రీజరుది కదా, మెత్తబడిపోయింది. పైభాగం కోసి చెంచాతో లోపల తొలుస్తుంటే పక్క పగిలింది. రెండోది కూడా. మూడోదాన్ని తొలవకుండా బొటనవేలితో గుంట నొక్కి, ఇంట్లోనే నేతిలో తడిపి డబ్బాలో పెట్టుకొచ్చిన వత్తి దాంట్లో కూర్చోబెట్టింది. సరస్సు గాలికి అగ్గిపుల్ల నిలవదు. నాలుగు పుల్లలయ్యాయి. అప్పుడు బాబు ఇసకలో మూరెడు లోతు గొయ్యి తవ్వాడు. అమ్మ అందులో దీపం పెట్టి, మావారు గాలికి అడ్డంగా కూర్చుని, నేను శాలువా పట్టుకుంటే ఐదో పుల్లకి అంటుకుంది. వెనక ఊళ్లో సూర్యుడు మేడల మధ్యకి దిగిపోతున్నాడు, ముందు సరస్సు గులాబీ రంగులోకి మారింది. గోతిలో గోరంత వెలుగు. ఉసిరికాయ అంచు వేడికి చిటపటమంటోంది.

కుక్కని తిప్పుతున్న ఒకావిడ ఆగి గోతిలోకి తొంగి చూసి, "ఎవరి పుట్టినరోజు?" అంది. అమ్మకి ఇంగ్లీషులో ఏం చెప్పాలో తోచక "బ్యూటిఫుల్ డే" అంది. ఆవిడ "అవునవును" అని తల ఊపి వెళ్లిపోయింది.

నీళ్లలో వదలనివ్వలేదు నేను. సరస్సులో ఏమీ వెయ్యకూడదని చెప్పాను. కాసేపటికి అదే కొండెక్కింది. అమ్మ ఆ ఉసిరికాయని జిప్‌లాక్ కవర్లో వేసుకుంది. గొయ్యి బాబు పూడ్చేశాడు.

తిరుగు రైల్లో బాబు మావారి ఒళ్లో నిద్రపోయాడు. కిటికీలో మా మొహాలు తప్ప ఏమీ కనపడడం లేదు. ఫోన్ చూశాను. గాలి అప్పుడే ఉత్తరానికి తిరిగింది, 58కి పడింది.

"రేపు కూడా ఇలాగే ఉంటుందా?" అంది అమ్మ.

"ఉండదమ్మా."

"పోనీలే. సూట్‌కేసులు సర్దుకోవాలిగా" అని, సంచీలోంచి మిగిలిన పూర్ణాల డబ్బా తీసి మూత తెరిచింది.