జీవో వస్తే సరిపోదు: తిరుపతి వర్సిటీ ఉద్యోగుల సెలవులు, జీతం లెక్కలు

సెలవుల మీదో జీతాల మీదో అమరావతి నుంచి ఒక జీవో వచ్చిందంటే గంట తిరక్కుండానే తిరుపతి వర్సిటీ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరిపోతుంది. మర్నాడు ప్రతి సెక్షన్‌లోనూ ఒకటే మాట: మనకెప్పుడు? సరైన ప్రశ్నే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకిచ్చిన ఉత్తర్వు విశ్వవిద్యాలయానికి దానంతటదే వర్తించదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) అయినా, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయమైనా, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయమైనా చట్టంతో ఏర్పడిన వేరు సంస్థలే. ఆ ఉత్తర్వును పాలకమండలి తమకు అన్వయించుకోవాలి, రిజిస్ట్రారు పేరుతో ప్రొసీడింగ్స్, అంటే వర్సిటీ సొంత ఉత్తర్వు, రావాలి, అప్పుడే బిల్లు మారుతుంది. అందుకే జీవో నంబరు పట్టుకుని సెక్షన్ చుట్టూ తిరిగేకన్నా, మన వర్సిటీ దాన్ని అన్వయించుకున్న ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ అడగండి. అవి ఉంటే పని జరుగుతుంది. లేకపోతే అడగాల్సింది గుమస్తాను కాదు, ఫైలు పాలకమండలి ముందుకు పోయిందా లేదా అని.

ఒకే ఊళ్లో ఉన్నా అందరి లెక్కా ఒకటి కాదన్నది రెండో సంగతి. ఐఐటీ, ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధన సంస్థ), 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం కేంద్రం నిబంధనల కింద నడుస్తాయి. ఇంటద్దె భత్యం చూడండి. 2022 పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత రాష్ట్ర స్కేళ్లలో తిరుపతికి 16 శాతం, గరిష్ఠంగా 17,000 రూపాయలు. కేంద్రం లెక్కలో తిరుపతి జెడ్ తరగతి ఊరు కాబట్టి 10 శాతమే. పిల్లల సంరక్షణ సెలవు రాష్ట్రంలో మొత్తం సర్వీసుకు 180 రోజులైతే, కేంద్రంలో 730. పక్క క్యాంపస్ స్నేహితుడు చెప్పింది మనకూ వర్తిస్తుందనుకుని అర్జీ పెడితే అది తిరిగొస్తుంది. ఇక్కడినుంచి చెప్పేది ముఖ్యంగా రాష్ట్ర వర్సిటీల్లోని రెగ్యులర్ బోధనేతర సిబ్బంది గురించి. వెకేషన్ ఉన్న అధ్యాపకుల ఈఎల్ (ఆర్జిత సెలవు) లెక్క వేరు.

ఈఎల్ ఏడాదికి 30. జనవరి 1న 15, జులై 1న 15 ముందుగానే ఖాతాలో జమవుతాయి. గరిష్ఠ నిల్వ 300 రోజులు. అర్ధ సంవత్సరం మధ్యలో చేరినవారికి నిండిన ప్రతి నెలకూ రెండున్నర రోజులు. తప్పు ఎక్కువగా జరిగేది జీతం లేని సెలవు వాడినప్పుడు. అంతకుముందు ఆర్నెల్లలో వాడిన జీతం లేని సెలవులో పదో వంతును కొత్త జమలోంచి తగ్గించాలి. జనవరి, జూన్ మధ్య 40 రోజులు అలా పెట్టారనుకుందాం. జులై 1న పడాల్సింది 15 కాదు, 11. ఇది తగ్గించకుండా అలవాటుగా 15 వేసుకుంటూ పోతే, రిటైర్మెంటు ముందు ఆడిట్‌లో మొత్తం వెనక్కి లెక్కగడతారు. ఇరవై ఏళ్ల నాటి పొరపాటు పింఛను కాగితాలను నెలల తరబడి ఆపేస్తుంది.

అందుకే ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జులైలోనూ, సర్వీసు రిజిస్టరు (ఎస్‌ఆర్)లోని సెలవుల ఖాతా పేజీ చూసుకోవాలి. ఒకపక్క ఈఎల్, రెండోపక్క హెచ్‌పీఎల్ (సగం జీతం సెలవు) ఉంటాయి. ప్రతి సెలవుకూ ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎన్ని రోజులు, మంజూరు చేసిన ప్రొసీడింగ్స్ నంబరు, చివర సంతకం ఉండాలి. రోజులు రాసి, సంతకం లేకుండా వదిలేసిన వరుసలే చాలా ఎస్‌ఆర్‌లలో కనిపిస్తాయి. అలాంటి వరుసను ఆడిట్ ఒప్పుకోదు. సెలవు మంజూరైనట్టు మీ దగ్గర కాగితం ఉన్నా, ఎస్‌ఆర్‌లో ఎంట్రీ పడకపోతే ఆ సెలవు సగమే పూర్తయినట్టు. మంజూరు ప్రొసీడింగ్స్ నకళ్లన్నీ ఇంట్లో ఒక ఫైల్లో పెట్టుకోండి. అధికారి మారితే సెక్షన్‌లో దొరకని కాగితం మీ ఫైల్లోంచే ఇవ్వాల్సి వస్తుంది.

సీఎల్ (సాధారణ సెలవు) ఏడాదికి 15, డిసెంబరు 31తో మిగిలినవి పోతాయి. సీఎల్‌ను ఈఎల్‌తో గానీ మరే సెలవుతో గానీ కలపడానికి లేదు. ఆదివారాలు, పండగలతో కలిపి మొత్తం గైర్హాజరు పది రోజులు దాటకూడదు. సీఎల్ మధ్యలో వచ్చిన ఆదివారం సీఎల్‌గా లెక్కకు రాదు, ఈఎల్ మధ్యలో వస్తే మాత్రం వస్తుంది. శనివారం, సోమవారం ఈఎల్ పెడితే ఖాతాలో తగ్గేది మూడు రోజులు. ముందూ వెనకా వచ్చే సెలవు దినాలను కలుపుకోవడానికి అనుమతి అడగొచ్చు, కానీ ఆ మాట దరఖాస్తులోనే రాయాలి. గంగమ్మ జాతరకో బ్రహ్మోత్సవాలకో సెలవు కలుపుకునేవాళ్లు ఆ ఏడాది వర్సిటీ సెలవుల సర్క్యులర్ చూసుకున్నాకే తేదీలు రాయండి. స్థానిక సెలవు, ఐచ్ఛిక సెలవు ఒకటి కావు. ఐచ్ఛిక సెలవులు ఏడాదికి ఐదే, వాటికి ముందస్తు అనుమతి కావాలి.

అనారోగ్యం దగ్గరే ఎక్కువమంది నష్టపోతున్నారు. ఏడాది సర్వీసుకు 20 రోజుల హెచ్‌పీఎల్ జమవుతుంది, దాని నిల్వకు పరిమితి లేదు. మెడికల్ సర్టిఫికెట్ ఉంటే దాన్ని కమ్యూటెడ్ సెలవుగా మార్చుకోవచ్చు. అప్పుడు జీతం పూర్తిగా వస్తుంది, హెచ్‌పీఎల్ ఖాతాలోంచి రెట్టింపు రోజులు తగ్గుతాయి. సర్వీసు మొత్తం మీద ఇలా 240 రోజుల దాకా వాడుకోవచ్చు. జ్వరమొచ్చి పది రోజులు పడుకున్నా చాలామంది ఈఎల్లే పెట్టేస్తున్నారు, సర్టిఫికెట్ తెచ్చే శ్రమ ఎందుకని. నా మాట వినండి, ఆ శ్రమ పడాల్సిందే. రిటైరైన రోజున ఈఎల్ 300 దాకా పూర్తి జీతం, డీఏ (కరువు భత్యం)లతో నగదవుతుంది. ఈఎల్ 300కి తక్కువైతే ఆ మేరకు హెచ్‌పీఎల్‌ను లెక్కలోకి తీసుకుంటారు గానీ, దాని విలువ సగం జీతమే. జబ్బుకు హెచ్‌పీఎల్ వాడి, ఈఎల్ దాచుకోవడమే లాభం.

మెడికల్ సెలవు తేదీల దగ్గర చెడుతుంది. మన జిల్లాల వాళ్లు రుయాకు, స్విమ్స్‌కు వెళ్లినంత మామూలుగానే వేలూరు సీఎంసీకీ వెళ్తారు. 4వ తేదీ పొద్దున బస్సెక్కి, ఆ రోజు ఓపీలో చూపించుకుని, 5న అడ్మిట్ అవుతారు. డిశ్చార్జి సమ్మరీ 5 నుంచి ఉంటుంది, సెలవు చీటీ 4 నుంచి. మధ్యలో ఆ ఒక్క రోజుకు ఆధారం ఉండదు, అది అనధికార గైర్హాజరుగా మిగిలిపోతుంది. 4వ తేదీ ఓపీ చీటీ జతచేస్తే సమస్యే లేదు. లేదంటే ఆ రోజుకు సర్టిఫికెట్‌లోనే విశ్రాంతి అవసరమని రాయించుకోవాలి. ఊరు విడిచి వెళ్తున్నట్టు హెడ్‌క్వార్టర్స్ అనుమతి కూడా ఆ దరఖాస్తులోనే అడగండి. తిరిగి చేరేరోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా చేర్చుకోరు. అది చేరే తేదీకి ముందురోజుదో, ఆ రోజుదో అయ్యుండాలి. డ్యూటీలో చేరిన రిపోర్టు మీద పూర్వాహ్నమా అపరాహ్నమా రాయడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఒక రోజు సెలవు దాని మీదే ఆధారపడుతుంది.

సెలవులో ఉండగా ఇంక్రిమెంటు తేదీ వచ్చిందనుకోండి. జూన్ 20 నుంచి జులై 10 దాకా ఈఎల్, ఇంక్రిమెంటు జులై 1న. పెరిగిన జీతం చేతికొచ్చేది తిరిగి చేరిన జులై 11 నుంచి, 1 నుంచి కాదు. 47,090 మూలవేతనం ఉన్నవారికి ఇంక్రిమెంటు 1,350 కాబట్టి ఆ పది రోజులకు పోయేది కొద్ది మొత్తమే. అసలు నష్టం వేరు. జులై బిల్లులో ఇంక్రిమెంటు పెట్టకుండా వదిలేసి, ఆగస్టులోనూ మర్చిపోతారు. చేరిన వారంలోపే ఇంక్రిమెంటు విడుదలకు ఒక చిన్న దరఖాస్తు ఇచ్చేస్తే ఈ బాధ ఉండదు. జీతం లేని సెలవుకైతే ఇంక్రిమెంటు తేదీయే అన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. అది వైద్య కారణంతో పెట్టినదైతే ఆర్నెల్ల దాకా ఇంక్రిమెంటుకు లెక్కించేలా అనుమతి తెచ్చుకునే దారి ఉంది, కానీ అడిగితేనే. అనుమతి లేకుండా ఏడాది మించి రాకపోతే రాజీనామా చేసినట్టే భావించే నిబంధన 2007 నుంచి ఉంది. విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లి ఉండిపోయేవాళ్లు సెలవు పొడిగింపు కాగితం పంపడమే కాదు, మంజూరైందో లేదో కనుక్కోవాలి.

ప్రసూతి సెలవు 180 రోజులు, పితృత్వ సెలవు 15. గర్భస్రావమైతే ఆరు వారాలు. పిల్లల సంరక్షణ సెలవు 2016లో 60 రోజులతో మొదలై, 2022 మార్చిలో 180 అయింది. పది విడతల్లోపు వాడుకోవాలి. భార్య లేక ఒంటరిగా పిల్లల్ని పెంచే పురుష ఉద్యోగులకూ ఇది వర్తిస్తుంది. ఇవేవీ ఈఎల్ ఖాతాలోంచి తగ్గవు, విడిగా నమోదు కావాలి. మూడో విడతో నాలుగో విడతో అయ్యాక ఎన్ని రోజులు మిగిలాయన్న దానిపై సెక్షన్‌కూ ఉద్యోగినికీ లెక్క కుదరకపోవడం మామూలే. ప్రతి మంజూరు ఉత్తర్వులో 'ఇంతవరకు వాడినవి, మిగిలినవి' అని రాయించుకుంటే గొడవే ఉండదు.

2004 సెప్టెంబరు 1 నుంచి రెగ్యులర్‌గా చేరినవారికి సీపీఎస్, అంటే ఉద్యోగి వాటా కూడా కట్టే పింఛను పథకం. మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో 10 శాతం మన జీతంలోంచి కట్, అంతే వాటా యాజమాన్యం వేయాలి. జీతం చీటీలో కట్ అయినంత మాత్రాన ప్రాన్ ఖాతాలో (మన పేరున ఉండే పింఛను ఖాతా) పడినట్టు కాదు. వర్సిటీ జీతాలు చాలావరకు ప్రభుత్వ బ్లాక్ గ్రాంటు మీద నడుస్తాయి కాబట్టి, గ్రాంటు ఆలస్యమైతే వాటా జమా ఆలస్యమవుతుంది. ఆ నెలల్లో డబ్బు పింఛను ఫండ్ యూనిట్లుగా మారదు, ఆ రాబడి మళ్లీ రాదు. ప్రాన్ స్టేట్‌మెంట్ తెరిచి ప్రతి నెలకూ రెండు వరుసలు, మీదీ యాజమాన్యానిదీ, ఉన్నాయో లేదో చూడండి. ఒకే వరుస ఉన్న నెలల జాబితా రాసి ఫైనాన్స్ ఆఫీసరుకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా అడిగితే ఫైలు పుట్టదు. పెళ్లయ్యాక నామినీని మార్చడం కూడా ఇదే సందర్భంలో చేసేయండి.

డీఏ బకాయిలు విడుదలైనప్పుడు సీపీఎస్ వారికి 90 శాతం నగదు, 10 శాతం ప్రాన్‌కు పోవడం ఆనవాయితీ. బకాయిలు ఒకేసారి పడితే ఆ ఏడాది పన్ను పెరుగుతుంది. ఏ ఏడాదికి చెందిన బకాయిని ఆ ఏడాదికి పంచి చూపి ఊరట పొందే వీలుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా దానికి ఫారం 10ఈ, ఈ-ఫైలింగ్ పోర్టల్లో. రిటర్ను కంటే ముందే అది దాఖలు చేయాలి. రిటర్నులో ఊరట చూపించి ఫారం మరిచిపోతే, ఆ మొత్తాన్ని కొట్టేసి డిమాండ్ నోటీసు పంపుతారు. తిరుపతిలో అద్దెకుండి ఇంటద్దె మినహాయింపు చూపేవారు పాత పన్ను విధానం కోరుకున్నట్టు ముందే రాసివ్వాలి. ఏమీ చెప్పకపోతే కొత్త విధానంలోనే కట్ చేస్తారు, అందులో ఇంటద్దె మినహాయింపు లేదు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ కావాలి. కొర్లగుంటలోనో పద్మావతి నగర్‌లోనో ఇల్లు తీసుకునేటప్పుడే ఆ మాట మాట్లాడుకుంటే ఫిబ్రవరిలో బతిమాలే పనుండదు.

రిటైరయ్యే సీనియర్లకు ఒక హెచ్చరిక. ఈఎల్ నగదు మీద ప్రభుత్వ ఉద్యోగికి పన్నే లేదు. మిగతావారికి 2023 ఏప్రిల్ 1 నుంచి 25 లక్షల దాకానే మినహాయింపు. వర్సిటీ ఉద్యోగి పన్ను లెక్కలో ప్రభుత్వ ఉద్యోగి అనుకుని మొత్తం మినహాయించుకుంటే తర్వాత నోటీసు రావచ్చు. 300 రోజులంటే పది నెలల జీతం కదా, చివరి మూలవేతనం, డీఏ కలిపి నెలకు రెండున్నర లక్షలు దాటే ప్రొఫెసర్లు ముందే లెక్క వేసుకోవాలి. సర్వీసులో ఉండగా సరెండర్ చేసుకున్న సెలవు డబ్బు మీద ఎవరికైనా పూర్తి పన్నే.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వారికి పైన చెప్పినవాటిలో చాలావరకు వర్తించవు. కానీ చట్టం ఇచ్చినవి ఉన్నాయి, వాటిని వదులుకోకూడదు. ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన మహిళకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఇచ్చిన హక్కు. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ఆ ప్రయోజనం ఆగకూడదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తును గడువు ముగియకముందే ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నెలకు 21,000 లోపు జీతమున్నవారికి ఈఎస్‌ఐలో వారి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. అయితే ఏప్రిల్, సెప్టెంబరు మధ్య 78 రోజుల చందా ఉంటేనే తర్వాతి జనవరి, జూన్ మధ్య అది దక్కుతుంది. అక్టోబరు, మార్చి మధ్య కట్టిన చందా జులై, డిసెంబరు మధ్యకు. ఏజెన్సీ మారిన నెలల్లో కొత్త ఐపీ నంబరు (ఈఎస్‌ఐ సభ్యత్వ నంబరు) తెరిచేస్తే పాత రోజులు దాంట్లోకి రావు. చేరేరోజే పాత ఐపీ నంబరు, పీఎఫ్ యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ నంబరు) రెండూ రాసిచ్చి, మొదటి జీతం పడ్డాక రెండు పోర్టళ్లలోనూ ఆ నెల జమ కనిపిస్తోందో లేదో చూసుకోండి.