పెళ్లి చీరల కోసం పాండీ బజార్‌కి వెళ్తే

నెల్లూరు వాళ్లకి పెళ్లి చీరలంటే కంచికి పోవాలి, లేదంటే మద్రాసు. మా చెల్లెలి పెళ్లి కుదరగానే ఇంట్లో ఈ చర్చ మొదలైంది, అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి కంచి వద్దు, మద్రాసులో టి.నగరే నయం అని తేల్చారు. నాకు చీరల మీద కంటే అక్కడి పాండీ బజార్ వీధి మీదే ఆసక్తి. మా ఊళ్లో ట్రంకు రోడ్డునో చిన్నబజారునో బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పాండీ బజార్ పేరు ఎత్తుతుంటారు, సరే అసలు అక్కడేం చేశారో చూద్దామని.

సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి, మాంబళంలో దిగాం. అక్కణ్ణుంచి టి.నగర్ బస్టాండు దాకా 2023లో తెరిచిన స్కైవాక్ (పైన నడిచే వంతెన) ఉంది, అర కిలోమీటరుకి కాస్త ఎక్కువే. పైనుంచి చూస్తే కింద రంగనాథన్ స్ట్రీట్‌లో రోడ్డు కనబడదు, తలకాయలే. అమ్మ ఆ జనాన్ని చూసి "దిగేదే వద్దురా" అంది. నేనూ బలవంతం చేయలేదు, ఆటో మాట్లాడుకుని పానగల్ పార్క్ దగ్గరికి వెళ్లిపోయాం.

కోడంబాక్కంలో ఉండే మా మామయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో వచ్చినవాడు, ఇండస్ట్రీ హైదరాబాద్ వెళ్లిపోయినా ఈయన కదల్లేదు. మమ్మల్ని చూడగానే కుశలం కూడా అడక్కుండా "అల్లుడూ, ఈ పార్కు ఎవరి పేరు తెలుసా" అని మొదలుపెట్టాడు. పానగల్లు రాజా, అంటే 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన పానగంటి రామారాయణింగారు. అప్పటి బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ మనిషి. పాండీ బజార్ ఉన్న రోడ్డుకీ, అసలు టి.నగర్‌కీ పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి కూడా తెలుగువాడే, అదే పార్టీని పెట్టినవాళ్లలో ఒకడు. పక్కనున్న జి.ఎన్.చెట్టి రోడ్డునీ తెలుగువాళ్ల ఖాతాలోనే వేశాడు. మామయ్య ఈ లెక్క చెప్పేటప్పుడు ఆ రోడ్లన్నీ తనే వేయించినట్టు ఉంటుంది.

ఇక వీధి. 2019 నవంబరులో స్మార్ట్ సిటీ పథకం కింద దీన్ని పాదచారుల ప్లాజాగా ప్రారంభించారు. వాహనాలు పూర్తిగా ఆపేశారేమో అనుకుని వెళ్లాను గానీ అలా లేదు, మధ్యలో బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. మారింది రెండు పక్కలా. ఒకప్పుడు కార్లూ స్కూటర్లూ నిలబెట్టుకునే జాగాని లాక్కుని నడిచేవాళ్లకి ఇచ్చేశారు. నలుగురం పక్కపక్కన నడుస్తున్నా ఎదురొచ్చేవాళ్లకి దారి ఉంది, బండ్లు పైకెక్కకుండా పొట్టి స్తంభాలు పాతారు, చెట్ల కింద కూర్చోడానికి బెంచీలున్నాయి. అమ్మ మూడు కొట్లు తిరిగాక ఒక బెంచీ మీద కూర్చుని కాఫీ తాగి, మోకాళ్లు నిమురుకుని, మళ్లీ లేచి నాయుడు హాల్‌లోకి వెళ్లింది. నాకు ఆ వీధి పనితనం అక్కడే అర్థమైంది. మా చిన్నబజారులో అయితే రెండో కొట్టుకే "ఇంక ఇంటికి పోదాం పదరా" అనేది. పార్కింగు తీసేస్తే గిరాకీ పోతుందని కొట్లవాళ్లు భయపడతారు కదా, మా అమ్మలాంటి గిరాకీకి కావల్సింది కారు పెట్టుకునే చోటు కాదు, కూర్చునే చోటు. (కార్లకి పక్కన తణికాచలం రోడ్డు దగ్గర బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టారు. అయినా సందుల్లో బండ్లు అడ్డదిడ్డంగా పెట్టే ఉన్నాయి, అది వేరే సంగతి.)

అంతా బాగుందని రాయలేను. ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్లని 2013లోనే ఇక్కడే కార్పొరేషన్ కట్టిన కాంప్లెక్సులోకి పంపారు. కానీ ఇంకా ఫుట్‌పాత్ మీదే క్లిప్పులూ గాజులూ పరిచిన ఒకామె అమ్మ తెలుగు విని "ఏ ఊరు అక్కా" అని పలకరించింది, వాళ్లది సూళ్లూరుపేట వైపట. కాంప్లెక్సులో అమ్ముకోవచ్చు కదా అని నేనంటే, "మేడెక్కి పిన్నీసులు కొనేదానికి ఎవరొస్తారు సార్? నడుస్తా నడుస్తా కళ్లబడితే కొంటారు, అంతే మా యాపారం" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పదిమంది నడిచేందుకు వెడల్పు చేసిన చోటే ఆమెకి బేరం ఎక్కువ, మరి అక్కడే ఆమె ఉండకూడదంటే ఎలా? కొలిచి గీతలు గీసి, ఇదిగో నీ జాగా ఇంత అని ఇస్తే పోయేదానికి తరమడం, మళ్లీ రావడం, మళ్లీ తరమడం దేనికో.

ఇంకోటి నీళ్లు. టి.నగర్ ఒకప్పుడు చెరువు, 1920ల్లో మాంబళం వైపు పెద్ద చెరువుని పూడ్చి ఈ పేట వేశారు. 2021 నవంబరు వానలకి ఈ చుట్టుపక్కల వీధులు మునిగినప్పుడు స్మార్ట్ సిటీ పనుల మీద గట్టిగానే విమర్శలొచ్చాయి, విచారణ కూడా వేశారు. మామయ్య మాత్రం "పైన రాళ్లు నున్నగా పరిచారు బాగానే ఉంది, చెరువుకి ఆ సంగతి తెలియాలి కదా" అన్నాడు. మా ఊళ్లో పాండీ బజార్ పాట పాడేవాళ్లు ముందు కాలవల సంగతి చూస్తే బాగుండు, స్వర్ణాల చెరువు పక్కన పెట్టుకున్న ఊరు మాది.

మేం వెళ్లినప్పుడు పానగల్ పార్క్ దగ్గర మెట్రో పనులకి రేకులు కట్టి రోడ్డు సగం మూసేశారు. వెళ్లాలనుకుంటే కారు జోలికి పోకండి, మాంబళం లోకలే మేలు. ఆదివారం సాయంత్రం అసలు వద్దు. చీరలు తొమ్మిది తీసుకున్నాం, ముహూర్తం చీర మాత్రం అమ్మకి ఏదీ నచ్చలేదు, దానికోసం కంచికే పోవాలంట.