బలిపాట లెక్కలు

ఎంవీపీ కాలనీలో మాష్టారి మేడమీద, ఆదివారం సాయంత్రాలు బ్రిడ్జి నేర్చుకున్నాను. రమ్మీ తప్ప మరో పేకాట ఎరగని నాకు, ఓడిపోతామని తెలిసీ పాట (ఇన్ని పట్లు తెస్తామని పలికే మాట) పెంచడం వింతగా తోచింది. అందరూ శాక్రిఫైస్ అంటారు; మాష్టారు మాత్రం బలిపాట అనేవారు.

వల్నరబుల్‌గా, అంటే లాభమూ నష్టమూ రెండూ పెరిగే స్థితిలో, ఉన్న ప్రత్యర్థులు నాలుగు ఇస్పేట్లు (ఇస్పేటు తురుపుతో పది పట్లు) ఆడి నెగ్గితే వాళ్లకు 620. వల్నరబుల్ కాని మనం ఐదు ఆఠీన్లు పాడి, డబుల్ (నష్టాన్ని పెంచే ఎదుటివాళ్ల సవాలు) తిని, మూడు పట్లు తగ్గితే పోయేది 500. నూట ఇరవై మిగిలినట్టే. ఇద్దరూ వల్నరబుల్ కాకపోతే వాళ్ల ఆట విలువ 420, కనుక రెండు పట్లకే, అంటే 300కే ఆగాలి. మనమే వల్నరబుల్ అయితే రెండో పట్టుకే 500 పోతుంది. ఆర్‌కే బీచ్‌లో మురీమిక్చర్ తింటూ ఈ ఎక్కాలు వల్లించి, విద్య వచ్చేసిందనుకున్నాను.

ఊళ్లోనే ఒక జట్ల పోటీకి వెళ్లాం. అందులో అవే ముక్కల్ని రెండు బల్లలమీద ఆడతారు; రెండో బల్లమీద మనవాళ్లు ప్రత్యర్థుల చోట కూర్చుంటారు. నా జోడీ మాష్టారు మూడు ఆఠీన్లతో పాట మొదలుపెట్టారు. నా కుడిచేతి ఆయన నాలుగు ఇస్పేట్లన్నాడు. నా దగ్గర ఆఠీను రాజుతో మూడు ముక్కలు, డైమను ఆసు, ఇస్పేట్లలో రాణి, జాకీ, పది. వాళ్లు వల్నరబుల్, మేము కాదు. ఎక్కం గుర్తొచ్చింది, ఐదు ఆఠీన్లన్నాను. డబుల్. సరిగ్గా మూడు తగ్గాయి. 500 ఇచ్చి 620 ఆపానని లోలోపల మురిసిపోయాను కూడా.

రెండో బల్లమీద అవే ముక్కలతో మా జట్టువాళ్లు నాలుగు ఇస్పేట్లు ఆడారు. అక్కడ నా చోట కూర్చున్నవాడు డైమను ఆసు వేసి, వెంటనే మరో డైమను వేశాడు. ఒంటి డైమనున్న అతని జోడీ దాన్ని తురుపుతో కోశాడు. ఆఠీను ఆసు ఒకటి, ఇస్పేటు పట్టు ఒకటి. మావాళ్లకు ఒక పట్టు తగ్గి 100 పోయింది. మా 500తో కలిపి 600, పట్టిక ప్రకారం పోయినవి 12 ఇంప్‌లు, అంటే జట్ల పోటీ పాయింట్లు.

"లెక్క బాగానే చేశావయ్యా. వాళ్ల ఆట నెగ్గుతుందని నీకెవరు చెప్పారు?" అన్నారు మాష్టారు. నిజమే. వాళ్ల తురుపులో ఖాయమైన పట్టు, పక్కన ఆసు పట్టుకుని బలి ఇచ్చుకున్నాను. లేని ఆటకు కట్టిన కప్పమది!

చివర్లో మరో చేయి. మళ్లీ వాళ్లే వల్నరబుల్, మళ్లీ నాలుగు ఇస్పేట్లన్నారు. ఇస్పేట్లు రెండే, అవీ చిన్నవి. ఆసు ఒక్కటీ లేదు. మాష్టారు పాడిన డైమన్లు మాత్రం ఐదున్నాయి. ఈసారి ముక్కల్ని రెండుసార్లు చూసుకుని ఐదు డైమన్లన్నాను. డబుల్, మూడు తగ్గాయి, 500. రెండో బల్లమీద మావాళ్లు నాలుగు ఇస్పేట్లు నెగ్గి 620 తెచ్చారు. మిగిలిన 120కి 3 ఇంప్‌లు.

మాష్టారు స్కోరు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నారు: "ఇంకా తొమ్మిది బాకీ."