వేద సాహిత్యం బిట్లలో నేను జారిపడిన చోటు

గ్రూప్-2కు రెండోసారి చదువుతున్నప్పుడు కూడా ప్రాచీన చరిత్రలో నాకు గుబులు పుట్టించింది వేద సాహిత్యమే. హరప్పా అంటే తవ్వకాలు, మౌర్యులంటే శాసనాలు. ఇక్కడ మాత్రం పేర్లూ అంకెలే. అందరిలాగే నేనూ ఏ వేదానికి ఏ గ్రంథాలు అని పట్టిక గీసి, గోడకు అంటించి, పొద్దునా సాయంత్రం వల్లె వేశాను.

ఒక మాక్ టెస్ట్‌లో ఆ పట్టిక నన్ను ముంచింది. ‘సత్యమేవ జయతే’ అన్న మాట ఉన్న ఉపనిషత్తు ఏ వేదానికి చెందింది? ముండకోపనిషత్తు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వేదం దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. ఋగ్వేదం అని పెట్టాను. అది అథర్వవేదం. మార్కు పోయింది, నెగెటివ్ మార్కూ పడింది.

మా స్టడీ హాల్లో పురోహితుల ఇంటి అబ్బాయి ఒకడు ఉండేవాడు. వేదాధ్యయనానికి తోడ్పడే ఆరు శాస్త్రాలైన వేదాంగాల్లో ‘కల్పం’ ఎంతకీ గుర్తుండడం లేదని ఒకరోజు టీ తాగుతూ వాడితో అన్నాను. వాడు గ్లాసు పక్కన పెట్టి, రెండు చెవులూ పట్టుకుని తన ప్రవర, అంటే గోత్రం, సూత్రం, శాఖ చెప్పుకునే పరిచయ వాక్యం, చెప్పాడు. అందులో ‘ఆపస్తంబ సూత్రః, యజుశ్శాఖాధ్యాయీ’ అన్న మాటలు వచ్చాయి. “ఆపస్తంబ సూత్రం కల్పంలోదే. కర్మకాండ ఎలా జరపాలో చెప్పేది కల్పం. మా శాఖ కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయం. రోజూ సంధ్యావందనంలో చెప్పుకునేదే కదా, ఇందులో బట్టీ ఏముంది?” అన్నాడు. నేను గడుల్లో బంధించినదంతా ఒకరి నోట్లో బతికే ఉందని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత పట్టికను అడ్డంగా చదవడం మానేశాను. ఒక్కో వేదాన్ని పైనుంచి కిందికి చదివాను: మంత్రాలున్న సంహిత, యజ్ఞంలో వాటి వినియోగం చెప్పే బ్రాహ్మణం, ఆపై అడవిలో అధ్యయనం చేసే ఆరణ్యకం, తత్త్వం చెప్పే ఉపనిషత్తు. ఇవి నాలుగు వేర్వేరు పుస్తకాలని అనుకోకండి. శుక్ల యజుర్వేదానికి చెందిన శతపథ బ్రాహ్మణం చివరి భాగంలోనే బృహదారణ్యకోపనిషత్తు ఉంది. అందులో గార్గి ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు వేస్తూ పోతుంటే, ఇక ఆపకపోతే నీ తల తెగిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరిస్తాడు. ఆ సంవాదం ఒక్కసారి చదివితే ఆ ఉపనిషత్తు పేరూ, దాని వేదమూ ఇక మరిచిపోరు. సామవేదానికి ఇంత సమయం అక్కరలేదు. దాని మంత్రాల్లో చాలావరకు ఋగ్వేదానివే, గానానికి కూర్చినవి.

మన రాష్ట్రాల అభ్యర్థులు వదలకూడనిది ఐతరేయ బ్రాహ్మణం. ఇది ఋగ్వేదానిది. అందులోని శునశ్శేపుడి కథలో, కన్నతండ్రే నూరు ఆవులకు అమ్మేసిన ఆ కుర్రవాడిని విశ్వామిత్రుడు పెద్దకొడుకుగా స్వీకరిస్తాడు. ఒప్పుకోని కొడుకులను శపిస్తాడు. వారి సంతతిగా ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబుల పేర్లు వస్తాయి. ఆంధ్రుల తొలి ప్రస్తావన ఎక్కడ అని అడిగితే జవాబు ఇదే. కథ తెలిస్తే ‘జతపరచండి’లోనూ తడబడరు.

పురాణాలకు నేను కొత్తగా కష్టపడలేదు. పాతకాలం వాళ్లే శ్లోకం కట్టి పెట్టారు: ‘మద్వయం భద్వయం చైవ బ్రత్రయం వచతుష్టయమ్, అనాపలింగకూస్కాని’. ‘మ’తో మత్స్య, మార్కండేయ, ‘భ’తో భాగవత, భవిష్య, ‘బ్ర’తో మూడు, ‘వ’తో నాలుగు. మిగిలిన ఏడింటికీ తలా ఒక అక్షరం: అగ్ని, నారద, పద్మ, లింగ, గరుడ, కూర్మ, స్కాంద. లెక్క సరిగ్గా 18. ఏ కోచింగ్ నోట్సులోనూ ఇంత పొదుపు నేను చూడలేదు.

ఋగ్వేద సూక్తాలు, అంటే మంత్రాల సమూహాలు, ఒక పుస్తకంలో 1017, మరో దాంట్లో 1028 అని కనిపిస్తే కంగారు పడకండి. ఋగ్వేదంలో ఎనిమిదో భాగమైన ఎనిమిదో మండలంలోని, అనుబంధంగా లెక్కించే 11 వాలఖిల్య సూక్తాలను కలిపితే 1028. ఆప్షన్లలో రెండూ ఉంటే, ప్రశ్నలో ‘వాలఖిల్యాలు మినహా’ అన్న మాట ఉందేమో మరోసారి చూసుకుని గుర్తు పెట్టండి.