గిన్నెలు తోమే లిక్విడ్ పట్టుకుని ఎన్నూరు వెళ్లాం

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వెళ్లిపోయాక, చెన్నైలో ఆయిల్ రిఫైనరీ ఉన్న మణలి వైపు నుంచి వరదనీళ్లతో పాటు ఆయిల్ కూడా కొట్టుకొచ్చి ఎన్నూరు క్రీక్‌లో పరుచుకుంది. తెల్లగా ఉండాల్సిన గూడబాతులు (పెలికాన్లు) తారుడబ్బాలో ముంచి తీసినట్టున్న వీడియో చూసి ఆగలేకపోయాం. మాది సూళ్లూరుపేట, నేలపట్టులో వాటి గూళ్లు చూస్తూ పెరిగినవాళ్లం, పైగా అది గూళ్లు పెట్టే సీజనే. ముగ్గురం ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. సంచిలో పాత తువాళ్లు, పెద్ద డిష్‌వాష్ బాటిల్. పట్టుకుంటాం, కడుగుతాం, వదిలేస్తాం. అంతే ప్లాను.

మా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది ఫ్రెండ్ వాళ్లక్క. పశువుల డాక్టరు. "ఒరేయ్, దాని వెంట పడకండ్రా, ఆయిల్ కంటే ముందు మీ భయానికే చచ్చిపోతుంది" అని ఫోన్లోనే క్లాసు పీకింది.

ఈకలు సన్నటి కొక్కేలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టే పక్షి ఒంటికి నీళ్లు తగలవు. ఆయిల్ అంటితే ఆ అల్లిక చెడి చలికి వణికిపోతుంది, ముక్కుతో ఈకలు సర్దుకుంటూ ఆ విషాన్నే మింగుతుంది, అలా నీరసించిపోయినదాన్ని తెచ్చి బకెట్లో ముంచితే ఏమవుతుంది? తెలిసినవాళ్లు కూడా ముందు వెచ్చగా ఉంచి, ద్రవాలు పట్టించి, కాస్త తేరుకున్నాకే కడుగుతారట. గిన్నెల సబ్బే వాడతారు (అక్కడ మాత్రం మేం కరెక్టే!), కానీ సబ్బు కొంచెం మిగిలినా ఈకలకి మళ్లీ నీళ్లు పడతాయి.

మరి మేం చేసిందేంటంటే, దూరంగా నిలబడి ఎక్కడ ఎన్ని ఉన్నాయి, ఎగరగలుగుతున్నాయా లేదా చూసి, ఫొటోలు, లొకేషన్ అటవీశాఖ వాళ్లకి పంపడం. కుక్కల్ని తోలడం. వాళ్లు పట్టమంటే తప్ప పట్టొద్దు. పట్టినా గ్లౌజులు వేసుకుని, తువాలు కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచాలి, ఏమీ తినిపించకూడదు. గూడబాతు ముక్కు అస్సలు కట్టేయకూడదు, అది ఊపిరి తీసుకునేది నోటితోనే.

బోరు పనుల్లా ఉన్నాయా? 2000 జూన్‌లో కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ అనే ఓడ మునిగి సుమారు 19,000 పెంగ్విన్‌లకు ఆయిల్ అంటుకుంటే వేలమంది మామూలు జనం వచ్చారు. వాళ్లలో చాలామంది చేసింది చేపలు తినిపించడం, రెట్టలు ఎత్తడం, తువాళ్లు ఉతకడమే. అసలు ఆయిల్ అంటని ఇంకో 19,500 పెంగ్విన్‌లని ముందే పట్టి, లారీల్లో వందల కిలోమీటర్ల అవతల పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇంటికొచ్చేలోపు ఇక్కడ నీళ్లు శుభ్రం చెయ్యొచ్చని! ఆ ఐడియా వచ్చినవాళ్లకి దండం పెట్టాలి. మూడింటికి ట్రాన్స్‌మిటర్లు కట్టారు, పీటర్, పమేలా, పెర్సీ అని పేర్లు కూడా పెట్టి.

ఎన్నూరులో అప్పుడు జాలర్లు మగ్గులతో, బకెట్లతో ఆయిల్ తోడుతున్నారు, చాలామంది వట్టి చేతులతోనే. రెండో ఆదివారం తువాళ్లు మానేసి గ్లౌజుల డబ్బాలు తీసుకెళ్లాం. డిష్‌వాష్ బాటిలంటారా, మా కాళ్లు తోముకోవడానికే అయిపోయింది. చెప్పులు పారేశాం.